రంగు వేయని గులాబీ గోడలు

చిన్నీకీ, బుజ్జికీ,

ఎరెవాన్ నగరం ఫొటో చూసి చిన్నీ అడిగింది కదా, "తాతయ్యా, వీళ్లంతా గోడలకి గులాబీ రంగే ఎందుకు వేసుకున్నారు?" అని. వేసుకోలేదమ్మా, అది రాయి సొంత రంగు. ఎరెవాన్ ఉన్న ఆర్మేనియా దేశంలో అరగాట్స్ అనే పాత అగ్నిపర్వతం ఉంది. ఎప్పుడో అది చిమ్మిన బూడిదే గట్టిపడి రాయయింది. దాన్ని టఫ్ అంటారు. 1924లో తమన్యాన్ అనే ఆర్కిటెక్టు ఆ నగరానికి కొత్త ప్లాన్ గీశాడు. ఆ తర్వాత లేచిన పెద్ద పెద్ద భవనాలకి ఈ రాయినే వాడారు.

బూడిదంటే పొయ్యిలో బూడిద కాదర్రా. కరిగిన రాయి లోపల గ్యాస్ ఒక్కసారిగా పొంగితే తునాతునకలై ఎగిరిన పొడి.

మీరు పిచ్చుకగూళ్లు కట్టారుగా? పాదం మీద తడి ఇసుక పోసి, తట్టి తట్టి, మెల్లగా పాదం లాగేస్తే లోపల గది. టఫ్ కూడా అలాంటిదే, కాకపోతే తట్టడానికి చెయ్యి లేదు. పైన పడిన పొడి బరువే కింద పొడిని అదిమింది. కొన్నిచోట్ల ఆ వేడికి రేణువులు మెత్తబడి ఒకదానికొకటి అతుక్కుపోయాయి కూడా. మధ్యలో బోలెడు ఖాళీలు మిగిలాయి, అందుకే రాయి తేలిక. ఇక పాదం లాగిన పనంటారా, టర్కీలోని కప్పడోకియాలో మనుషులే చేశారు. కొండల్ని తొలిచి ఇళ్లూ, చర్చిలూ చేసుకున్నారు. డెరింకుయులో అయితే నేల కింద అంతస్తులు అంతస్తులుగా ఊరే ఉంది!

చిన్నప్పుడు నేనూ ఒకసారి ఏడు గదుల గూడు కట్టాను. సాయంత్రం చూస్తే కూలిపోయి ఉంది. తమ్ముడే తన్నాడనుకుని వాణ్ని ఒక్కటిచ్చాను. పాపం, వాడు అటువైపే రాలేదు, ఎండకి ఇసుక ఆరి రాలిపోయిందంతే. కళ్లతో చూడకుండా ఎవరి మీదా నింద వేయకండి.

నా పోలిక చెడేది కూడా ఇక్కడే. ఇసుక ఆరితే రాలుతుంది, టఫ్ మాత్రం ఆరితే సాధారణంగా గట్టిపడుతుంది. గనిలోంచి అప్పుడే తీసిన రాయి చెమ్మగా, రంపంతో కోసేంత మెత్తగా ఉంటుంది. రెండు వేల ఏళ్ల కిందట విట్రూవియస్ అనే రోమన్ ఇంజినీరు ఇలాంటి మెత్తని రాళ్ల గురించి ఏం రాశాడో తెలుసా? వేసవిలో తవ్వి తీసి, రెండేళ్లు ఎండకీ వానకీ బయటే వదిలేయమన్నాడు. దెబ్బతిన్నవి పునాదిలోకి, తట్టుకున్నవి గోడలోకి. రాళ్లకీ పరీక్షలే, చూశారా!

పసిఫిక్ మహాసముద్రంలో ఉన్న ఈస్టర్ దీవిలోని పెద్ద తలల విగ్రహాలు చాలావరకు ఈ జాతి రాయే. రానో రరాకు అనే అగ్నిపర్వతం అంచున, ఇంకా గట్టి రాతి ఉలులతో చెక్కారు. దాదాపు 400 విగ్రహాలు ఇప్పటికీ ఆ గనిలోనే ఉన్నాయి. కొన్నింటి వీపు కొండ నుంచి విడిపోనేలేదు, అలాగే ఆకాశం చూస్తూ పడుకుని ఉన్నాయి. దీని గురించి ఇంకేం చెప్పాలో నాకు తోచడం లేదు, ఫొటో దొరికితే చాలాసేపు చూడండి.

ఈలోగా ఒక పని చేయండి. నాలుగు రకాల ఎండు రాళ్లు ఏరుకొచ్చి, ఒక్కో దాని మీద ఒక్కో నీటి చుక్క వేయండి. ఏది తాగేసిందో, ఏది చుక్కని అలాగే మోసిందో నాకు రాయండి.

మీ
తాతయ్య