అద్దె ఇంట్లో గీజరు కాలిపోతే ఖర్చు ఎవరిది? అపోహలు – వాస్తవాలు

యజమానులు దూర ప్రాంతాల్లో ఉంటున్న ఇళ్లను విజయనగరంలో చాలా ఏళ్లుగా నేను చూసుకుంటున్నాను. ఇల్లు ఖాళీ చేసే రోజున అడ్వాన్సు దగ్గర వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం గీజరు, ఫ్రిజ్, ఏసీ, ఇన్వర్టర్ బ్యాటరీల గురించే ఉంటాయి.

అపోహ: వస్తువు పాడైతే, వాడుకున్నవారే కొత్తది కొనివ్వాలి.

వాస్తవం: 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, అద్దెకున్నవారు ఇంటిని తాము చేరినప్పటి స్థితిలో తిరిగి అప్పగించాలి, అయితే సహజమైన అరుగుదల వల్లా, మనిషి ఆపలేని శక్తుల వల్లా వచ్చిన మార్పులకు వారు బాధ్యులు కారు. ఇంటితోపాటు ఇచ్చిన వస్తువులకూ ఇదే కొలత న్యాయమని నేను నమ్ముతాను. బోరు నీటి సున్నం పేరుకుని ఆరేళ్ల గీజరులో కాయిల్ కాలిపోతే అది అరుగుదల. గీజరులో నీళ్లు నిండకుండానే స్విచ్ వేసి కాల్చేస్తే అది అజాగ్రత్త. ఆ తేడాను మెకానిక్ విప్పి చూసి కాగితం మీద రాసి ఇచ్చేదాకా నేను అడ్వాన్సులో ఒక్క రూపాయి కూడా మినహాయించను.

అజాగ్రత్తే అని తేలినా కొత్త వస్తువు ధర వసూలు చేయకూడదు. 9,000 రూపాయలకు కొన్న గీజరు ఎనిమిదేళ్లు పనిచేస్తుందనుకుంటే, ఆరేళ్లు వాడాక దాని విలువ 2,250 రూపాయలు. మరమ్మతు 1,200 రూపాయలతో అయిపోతే అడగవలసింది ఆ 1,200 మాత్రమే. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో, యజమాని పట్టుబట్టాడని, ఒక పాత ఫ్రిజ్‌కు కొత్త దాని ధరంతా ఒక కుటుంబం అడ్వాన్సులోంచి కోశాను. అది తప్పు, ఇప్పటికీ బాధగానే ఉంది.

అపోహ: అగ్రిమెంటులో "ఏది పాడైనా అడ్వాన్సు తిరిగి ఇవ్వబడదు" అని రాయించుకుంటే చాలు.

వాస్తవం: 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా, దానికి మించకుండా సమంజసమైన పరిహారమే దక్కుతుంది.

అపోహ: తుపాను తర్వాత కాలిపోయినవీ అద్దెకున్నవారి లెక్కే.

వాస్తవం: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ చూసిన మన ఉత్తరాంధ్రవారికి, కరెంటు తిరిగి వచ్చే వేళ వోల్టేజి ఎగిసిపడి ఫ్రిజ్ కంప్రెసర్లు పోవడం కొత్త కాదు. అది ఎవరి తప్పూ కాదు. తుపాను హెచ్చరిక రాగానే ప్లగ్గులు తీసేయమని నేను ప్రతి ఇంటికీ ఫోన్ చేస్తాను.

అపోహ: అద్దెకున్నవారు "అరుగుదల" అంటే అన్నీ చెల్లిపోతాయి.

వాస్తవం: నీళ్లు పోయవలసిన రకం ఇన్వర్టర్ బ్యాటరీలో నెలల తరబడి డిస్టిల్డ్ వాటర్ పోయకుండా ప్లేట్లు ఎండబెడితే, ఆ నష్టాన్ని వయసును బట్టి భరించవలసింది వాళ్లే, కాకపోతే ఆ పని తమదేనని వారికి చేరిన రోజునే చెప్పి ఉండాలి.

అందుకే తాళాలు ఇచ్చే రోజున ప్రతి వస్తువు మోడల్, కొన్న సంవత్సరం, అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు జాబితాగా రాసి, ఆన్ చేసి వీడియో తీసి, ఇద్దరి సంతకాలతో చెరో కాపీ ఉంచుకోవాలి. ఖాళీ చేయడానికి వారం ముందే ఆ జాబితా పట్టుకుని ఇద్దరూ కలిసి ఇల్లంతా చూసుకుంటే, మెకానిక్‌ను పిలిపించుకునే వ్యవధి మిగులుతుంది.