ఎస్‌ప్రింట్ఎఫ్ అడగని కొలత

సి భాషలో ప్రింట్ఎఫ్ అనే ఫంక్షన్ తెర మీద చూపించే పాఠాన్నే ఎస్‌ప్రింట్ఎఫ్ మనమిచ్చిన బఫర్‌లో, అంటే మెమరీలో కేటాయించిన చోట, రాసిపెడుతుంది. ఆ బఫర్ ఎక్కడుందో దానికి చెప్తాం. ఎంత పెద్దదో చెప్పడానికి మాత్రం చోటే లేదు. పాఠం పట్టకపోతే పక్కనున్న మెమరీ మీదికి రాసుకుంటూ పోతుంది. గొడవంతా అక్కడ మొదలైంది.

పాఠంలో విలువలు ఎక్కడ, ఎలా రావాలో ఈ ఫంక్షన్లకు చెప్పేది ఫార్మాట్ స్ట్రింగ్. ఆ ఆలోచన సి భాష కంటే పాతది. మార్టిన్ రిచర్డ్స్ రూపొందించిన బీసీపీఎల్ భాషలో రైట్ఎఫ్ ఉండేది, బెల్ ల్యాబ్స్ వాళ్ల బీ భాషలో ప్రింట్ఎఫ్ ఉండేది. 1979లో యునిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఏడో వెర్షన్ వచ్చేసరికి ఎస్‌ప్రింట్ఎఫ్ స్టాండర్డ్ లైబ్రరీలో ఉంది.

పేర్లు, ఫైల్ దారులు ఎంత పొడవు వస్తాయో తెలియదు, సరే. అంకెలైతే లెక్క తేలికే కదా అనుకుంటాం. 16 బిట్ల పూర్ణాంకానికి మైనస్ గుర్తు, పాఠం ముగిసిందని చెప్పే చివరి సున్నా బైటు కలిపి 7 బైట్లు చాలు. అదే కోడ్‌ని 32 బిట్ల యంత్రం మీదికి తెస్తే 12 కావాలి. నిన్నటిదాకా సరిగ్గా ఉన్న బఫర్, ఒక్క అక్షరం మార్చకుండానే చాలకుండా పోతుంది. ఇది ప్రోగ్రామర్ అజాగ్రత్త అని కొట్టిపారేయడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. ఫంక్షన్ అసలు కొలతే అడగలేదు.

ఆ కొలత అడిగే ఎస్ఎన్‌ప్రింట్ఎఫ్ బర్క్‌లీ వాళ్ల యునిక్స్ అయిన 4.4 బీఎస్‌డీలో ఉంది. 1989 నాటి ఆన్సీ సి ప్రమాణంలో లేదు, 1999 ప్రమాణంలో చేరింది. ఈలోగా ఇంకో చిక్కు: పాఠం పట్టకపోతే ఏ విలువ తిరిగివ్వాలి? గ్నూ వాళ్ల సి లైబ్రరీ గ్లిబ్‌సీ 2.0 మైనస్ 1 ఇచ్చేది. 2.1 నుంచి, చోటు ఉండుంటే ఎన్ని అక్షరాలు రాసేదో ఆ సంఖ్య ఇస్తోంది. 1999 ప్రమాణం (సి99) చెప్పిందీ అదే. నా దృష్టిలో ఇదే మంచి నిర్ణయం. మొదట సున్నా సైజుతో పిలిచి పొడవు తెలుసుకుని, దానికి ఒకటి కలిపి మెమరీ తీసుకుని, మళ్లీ పిలవొచ్చు.

కానీ ఇందులోనూ ఒక గొయ్యి ఉంది. వరసగా ముక్కలు అతికించేటప్పుడు చాలామంది ఆ సంఖ్యను నిజంగా రాసిన అక్షరాల లెక్క అనుకుని కూడుతూ పోతారు. పాఠం ఒక్కసారి తెగిపోతే ఆ కూడిక బఫర్ సైజును దాటేస్తుంది. సైజులోంచి దాన్ని తీసేస్తే రుణ సంఖ్య రావాలి. సైజు టైపుకు రుణం తెలియదు కాబట్టి అది బ్రహ్మాండమైన ధన సంఖ్యగా మారుతుంది. అంటే తర్వాతి పిలుపుకి హద్దే లేదు, మళ్లీ పాత ఎస్‌ప్రింట్ఎఫ్ పరిస్థితే.

మెమరీని తానే తీసుకునే ఏఎస్‌ప్రింట్ఎఫ్ గ్నూ, బీఎస్‌డీ లైబ్రరీల్లో ఏళ్లుగా ఉన్నా, యునిక్స్ తరహా సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లోకి 2024లో వచ్చింది. పని అయ్యాక ఆ మెమరీని వదిలేయాల్సింది మాత్రం పిలిచిన ప్రోగ్రామే.