మౌనం పూర్ణాంగీకారం

కృష్ణపట్నం రేవులో బొగ్గు దించుతున్న ఓడ గంటగంటకీ నీళ్లలోంచి పైకి లేస్తుంటుంది. దాని ఇనప గోడ నడిమధ్యన ఒక గుండ్రటి గుర్తు, దానికి అడ్డంగా ఒక గీత, పక్కన నిచ్చెన మెట్లలా మరికొన్ని గీతలు కనిపిస్తాయి. "అదేంది నా, ఓడకి దిష్టిబొట్టా?" అని అడిగాడు కండలేరు మొగలో నన్ను పడవెక్కించుకున్నాయన. నవ్వొచ్చింది కానీ, ఆయనన్నది పూర్తిగా తప్పూ కాదు.

ఆ గుండ్రం అడ్డకొలత 300 మిల్లీమీటర్లు. లోడు ఎంతైనా, ఆ కాలానికీ ఆ సముద్రానికీ చెప్పిన గీత మాత్రం నీళ్లలో మునగకూడదు. మంచినీళ్లు ఉప్పునీళ్లకంటే పలచన, అందులో ఓడ కాస్త ఎక్కువ దిగుతుంది కాబట్టి దానికో గీత. చలికాలపు సముద్రాలకు కిందగా ఒకటి, ఉష్ణమండలానికి పైన ఒకటి. 1966 నాటి అంతర్జాతీయ లోడు గీతల ఒప్పందం ప్రకారం బంగాళాఖాతంలో డిసెంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 దాకా ఉష్ణమండల గీత వరకు నింపొచ్చు. మిగతా నెలల్లో దానికి కాస్త కిందుండే 'వేసవి' గీత దగ్గరే ఆగాలి. రెంటికీ తేడా ఓడ నీళ్లలోకి దిగే లోతులో 48వ వంతు. 12 మీటర్ల లోతుకి దిగే ఓడకైతే పావు మీటరు, అంటే జానెడు. 225 మీటర్ల పొడవు, 32 మీటర్ల వెడల్పు ఉన్న ఓడలో ఆ జానెడే 1,600 టన్నులకు అటూ ఇటుగా బొగ్గు. (డిసెంబర్‌లో సముద్రం నెమ్మదిగా ఉంటుందన్న ఆ లెక్క మన నెల్లూరోళ్లకి చెప్పకండి. మిచౌంగ్ తుఫాను 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది.)

ఈ గీతల లెక్కల్లాంటివన్నీ చూసేది లండన్‌లోని అంతర్జాతీయ సముద్రయాన సంస్థ. 1974 నుంచి 1989 దాకా దానికి సెక్రటరీ జనరల్ మన ఐఏఎస్ అధికారి చంద్రికా ప్రసాద్ శ్రీవాస్తవ. అంతకు ముందు షిప్పింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియాను నడిపారు, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి దగ్గర పనిచేశారు. ఫైలు కదలకపోవడం అంటే ఏమిటో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

లండన్‌లోనూ ఫైళ్లు కదల్లేదు మరి. ఓడల భద్రత ఒప్పందానికి సవరణ చేస్తే, మూడింట రెండొంతుల దేశాలు ఒప్పుకుంటున్నామని రాసి పంపాలి. ఎవరు రాస్తారు? 1966 నుంచి 1973 దాకా చేసిన సవరణల్లో ఒక్కటీ అమల్లోకి రాలేదు. శ్రీవాస్తవ పదవిలోకి వచ్చిన ఏడాదే, 1974లో, కొత్త ఒప్పందంలో దేశాలు ఈ పద్ధతిని తిరగేశాయి. గడువులోగా మూడో వంతుకు మించిన దేశాలో, ప్రపంచ ఓడల టన్నేజీలో సగం చేతిలో ఉన్న దేశాలో వద్దంటే తప్ప, సవరణ ఒప్పుకున్నట్టే. మనం మౌనం అర్ధాంగీకారం అంటాం, అక్కడది పూర్ణాంగీకారమైంది. ఈ ఎత్తు ఆయన ఒక్కడిదే అనను. కానీ ఉక్కు, ఇంజన్ల కంటే ఈ ఒక్క వాక్యమే ఎక్కువ ప్రాణాలు కాపాడిందేమో అనిపిస్తుంది.

1987 మార్చి 6న బెల్జియంలోని జీబ్రుగ్గె రేవు నుంచి 'హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్' అనే ఓడ ముందువైపు తలుపులు మూయకుండానే బయల్దేరింది. కార్లు నిలిపే డెక్కులోకి నీళ్లు చొచ్చుకొచ్చి ఓడ పక్కకి ఒరిగిపోయింది. 193 మంది చనిపోయారు. తలుపులు మూశారో లేదో పైనున్న కెప్టెన్‌కి తెలిసే వీల్లేదు. తలుపు తెరిచుంటే ఆయనకి అక్కడే తెలిసేలా సూచిక ఉండాలన్న సవరణ 1988 ఏప్రిల్‌లో చేశారు. 1989 అక్టోబర్ 22కల్లా అది అమల్లో ఉంది.

నిబంధనలు రాస్తే చాలదు, ఓడెక్కి తనిఖీ చేసే మనుషులు కావాలి. పేద దేశాల్లో వాళ్లే కరువు. అందుకే 1983లో స్వీడన్‌లోని మాల్మోలో ప్రపంచ సముద్రయాన విశ్వవిద్యాలయం పెట్టించారు శ్రీవాస్తవ.

పడవాయనకి ఇదంతా చెప్పలేదు. ఆ గీత నీళ్లకి పైనుంటే ఓడకి భయం లేదన్నాను. "మరి మా పడవకి ఎవురు గీస్తారు నా?" అన్నాడు. చేపల ఓడల కోసం కూడా శ్రీవాస్తవ హయాంలోనే, 1977లో, స్పెయిన్‌లోని టొర్రెమొలినోస్‌లో ఒక ఒప్పందం రాశారు. 24 మీటర్లు, ఆపై పొడవున్న వాటికి. దాన్ని మొదట చాలినన్ని దేశాలు సంతకం పెట్టి ఒప్పుకోవాలి, అక్కడ మౌనం పనికిరాదు. అది అమల్లోకి రానేలేదు. ఆయన పడవ పది మీటర్లు కూడా ఉండదేమో.