కౌంటీ పుస్తకాల్లో మనిషి జాడ

అమెరికాలో ఇల్లు కొన్న కొన్ని వారాలకే పోస్టులో ఒక ఉత్తరం వస్తుంటుంది. చూడ్డానికి సర్కారీ కాగితంలా ఉంటుంది. లోపల ఇంటి అడ్రసు, రిజిస్ట్రేషన్ తేదీ, ఒక్కోసారి అప్పిచ్చిన బ్యాంకు పేరు కూడా పొల్లుపోకుండా అచ్చేసి ఉంటాయి. మీ దస్తావేజు నకలు కావాలంటే ఫలానా తేదీలోగా ఇంత సొమ్ము పంపండి అని కింద రాసి ఉంటుంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) ఆఫీసులో కొద్ది డాలర్లకు దొరికే నకలుకి అది ఎన్నో రెట్లు. డాలస్ శివార్లలోనో న్యూజెర్సీలోనో కొత్తగా ఇల్లు కొన్న తెలుగువాళ్లు ఆ ఉత్తరం ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టి అడిగే మొదటి ప్రశ్న: మన వివరాలు వీళ్లకు ఎవరిచ్చారు?

కౌంటీయే ఇచ్చింది. అడిగినవాళ్లెవరికైనా ఇస్తుంది. అక్కడి పాత కాలనీల నాటి నుంచి, దాదాపు నాలుగు వందల ఏళ్లుగా ఇస్తూనే ఉంది.

ఆ రోజుల్లో ఇంగ్లండులో భూమి కాగితాలు కుటుంబాల పెట్టెల్లో ఉండేవి. ఎవరు ఎవరికి అమ్మారో ఊరందరికీ తెలియాల్సిన పని లేదనుకునేవాళ్లు. అట్లాంటిక్ దాటి వచ్చినవాళ్ల దగ్గర ఆ పద్ధతి సాగలేదు. అక్కడ భూమి త్వరత్వరగా చేతులు మారేది. పక్కింటివాడు కూడా నిన్నగాక మొన్న ఓడ దిగినవాడే. ఒకే పొలాన్ని ఇద్దరికి అమ్మేస్తే తేల్చేదెవరు? (ఆ పొలం అంతకుముందు ఎవరిదన్న ప్రశ్నను పక్కకు నెట్టాకే ఈ పుస్తకాలు మొదలయ్యాయన్నది వేరే సంగతి.) 1640లో మసాచుసెట్స్ బే కాలనీ ఒక చట్టం చేసింది. అమ్మినవాడి పేరు, కొన్నవాడి పేరు, ఆస్తి వివరం, తేదీ పుస్తకంలోకి ఎక్కాలి. ఎక్కని దస్తావేజును చూపించి మూడో మనిషి మీద హక్కు సాధించడం కుదరదు. పుస్తకంలో ఉన్నది లోకమంతటికీ తెలిసినట్టే లెక్క అన్న సూత్రం దీనిలోంచే పుట్టింది. అలా లెక్కగట్టాలంటే లోకం వచ్చి చూసుకునే వీలుండాలి కదా. కాబట్టి ఆ రికార్డు తెరిచి ఉండటం ఎవరో తర్వాత దయతలచి ఇచ్చిన హక్కేమీ కాదు, అది లేకపోతే రికార్డుకే పని లేదు.

వర్జీనియాలో 1634లో ఎనిమిది షైర్లు ఏర్పడ్డాయి, అవే తర్వాత కౌంటీలయ్యాయి. అక్కడి నార్తాంప్టన్ కౌంటీలో 1632 నుంచీ కోర్టు పుస్తకాలు తెగకుండా ఉన్నాయి. దేశంలో అంత పాతవి, అంత వరుసగా ఉన్నవి ఇంకెక్కడా లేవు. కాలక్రమంలో భూమితో పాటు పెళ్లి లైసెన్సు, వీలునామా, మైనర్ల సంరక్షణ, విడాకులు, పన్ను బకాయి, వ్యాపారం పేరు అన్నీ కౌంటీ కోర్టు చుట్టూనే చేరాయి. ఇవాళ మూడు వేలకు పైగా కౌంటీలున్నాయి. లూసియానాలో వాటిని పారిష్‌లంటారు, అలాస్కాలో బరోలు. కనెక్టికట్, రోడ్ ఐలాండ్, వెర్మాంట్‌లలో భూమి రికార్డు టౌన్ క్లర్కు దగ్గర ఉంటుంది. దేశం మొత్తానికి పౌరుల రిజిస్టరు అంటూ అమెరికా ఎన్నడూ పెట్టుకోలేదు, ఆధార్ లాంటిది ఇప్పటికీ లేదు. అందుకే అక్కడ ఒక మనిషి ఎక్కడున్నాడో వెతకాలంటే మొదట తట్టాల్సిన తలుపు కౌంటీదే అయింది.

ఆ పుస్తకాలను తిరగేసే పద్ధతిలో ఒక ముఖ్యమైన సంగతి ఉంది. మన దగ్గర ఆస్తి కొనేముందు సర్వే నంబరు పట్టుకుని ఈసీ తీయిస్తాం. మన 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనూ పేర్ల సూచిక ఒకటి, ఆస్తుల సూచిక మరొకటి ఉన్నాయి. 57వ సెక్షన్ ప్రకారం రుసుము కట్టినవాళ్లెవరైనా స్థిరాస్తి పుస్తకాన్ని చూడవచ్చు. కానీ మన చెయ్యి ముందు భూమి వైపే పోతుంది. అమెరికాలో చాలా కౌంటీల్లో ప్రధానమైన సూచికలు రెండు, ఒకటి అమ్మినవాళ్ల పేర్లతో, రెండోది కొన్నవాళ్ల పేర్లతో. పైకి భూమి రికార్డే అయినా, లోపల మనుషుల జాబితా. కొన్నవాళ్ల సూచికలో ఒకరి పేరు పట్టుకుంటే అడ్రసు దొరుకుతుంది. దస్తావేజులో భార్య పేరు ఉంటుంది. ఆ పేరుతో పెళ్లి లైసెన్సుకు వెళితే పుట్టింటి పేరు తెలుస్తుంది. ఇంటిపెద్ద పోయాక ఆస్తి పంపకం కోసం కోర్టులో తెరిచిన ప్రొబేట్ ఫైలు చూస్తే వారసులంతా వరసలతో, చాలాసార్లు అడ్రసులతో సహా కనబడతారు. వారసుల్ని వెతికిపెట్టి వాటా పుచ్చుకునేవాళ్లు, అప్పు ఎగ్గొట్టినవాళ్లను పట్టిచ్చేవాళ్లు, వంశవృక్షాలు గీసుకునేవాళ్లు అందరూ నడిచేది ఈ దారినే.

మన పేర్ల దగ్గర మాత్రం ఈ దారి తప్పుతుంది. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువాడి పేరు పాస్‌పోర్టులో ఒకలా, డ్రైవింగ్ లైసెన్సులో ఇంకోలా, దస్తావేజులో మరోలా పడుతుంది. ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్నవాళ్లకు అమెరికా వీసా మీద అసలు పేరు స్థానంలో ‘ఎఫ్‌ఎన్‌యూ’ (మొదటి పేరు తెలియదు) అని వస్తుంది. అక్షరక్రమం మీద నడిచే సూచికలో ఒకే మనిషి మూడుచోట్ల దాక్కుంటాడు. దాక్కోవాలనుకునేవాళ్లకు అది మేలే గానీ, పిల్లల ఓసీఐ కార్డు కోసం కాగితాలు పోగేసేటప్పుడు ఆ తేడాలే తల పట్టుకునేలా చేస్తాయి.

ఈ పుస్తకాలను మూసేయాలనేవాళ్లు ఒక వర్గం సంగతి తెలుసుకోవాలి. అమెరికా జనగణనలో బానిసత్వం నుంచి బయటపడ్డ లక్షలమంది నల్లవాళ్ల పేర్లు మొదటిసారి కనిపించేది 1870లో. అంతకుముందు 1850, 1860 బానిసల పట్టికల్లో చాలావరకు వయసు, ఆడా మగా, రంగు అంతే. మరి ఆ ముత్తాతల పేర్లు ఎక్కడ? కౌంటీ దస్తావేజుల్లో, అమ్మకపు సరుకుగా. యజమాని చనిపోయినప్పుడు రాసిన ఆస్తి చిట్టాల్లో, పశువుల పక్కన, వెలతో సహా. 1866లో ఉత్తర కరోలినా ఒక చట్టం తెచ్చి, బానిసలుగా ఉన్నప్పుడు కలిసి బతికిన దంపతులు కౌంటీ క్లర్కు దగ్గరికో మేజిస్ట్రేటు దగ్గరికో వెళ్లి తమ పెళ్లిని నమోదు చేసుకునే వీలు కల్పించింది. ఎన్నేళ్లుగా కాపురం చేస్తున్నారో ఆ పుస్తకాల్లో రాసి ఉంది. ఆ రాష్ట్రంలోనే బంకమ్ కౌంటీ తన దగ్గరున్న బానిసల అమ్మకం దస్తావేజులను వెతికి తీసి ఇంటర్నెట్లో పెట్టింది. ముత్తాతను ఎవరు ఎవరికి అమ్మారో తెలుసుకోవడానికి మనవలకు మిగిలిన చోటు అది.

అయితే పుస్తకంలో ఉన్నదంతా నిజమని కూడా అనుకోకూడదు. కాలిఫోర్నియా 1913లో చేసిన భూమి చట్టం పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు పొలం కొనకూడదంది. 1923లో, అమెరికా పౌరసత్వం కోరిన పంజాబీ భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులూ ఆ గుంపులోకే వస్తారని తేల్చింది. ఇంపీరియల్ కౌంటీలో పత్తి పండించే పంజాబీ రైతులు నమ్మకమున్న తెల్లవాళ్ల పేరు మీద, తర్వాత అమెరికాలో పుట్టిన తమ పిల్లల పేరు మీద భూమి పెట్టారు. దస్తావేజు చూస్తే రైతు కనిపించడు. వాళ్లలో చాలామంది మెక్సికన్ స్త్రీలను పెళ్లాడారు. తెల్లవాళ్లకు, ఇతరులకు మధ్య పెళ్లిళ్లు నిషేధమైన ఆ కాలంలో లైసెన్సు ఇవ్వాలా వద్దా అన్నది కౌంటీ క్లర్కు కంటికి ఎవరు ఏ రంగులో కనిపించారన్న దాని మీద ఆధారపడేది.

నిప్పు కూడా ఈ చరిత్రలో ఒక పాత్రధారి. 1871 అక్టోబరులో చికాగో తగలబడ్డప్పుడు కుక్ కౌంటీ రికార్డులన్నీ బూడిదయ్యాయి. నగరంలో ఏ ఇల్లు ఎవరిదో చెప్పే ఆధారం ప్రభుత్వం దగ్గర లేదు. కానీ దస్తావేజుల సారాంశాలు రాసి అమ్ముకునే మూడు ప్రైవేటు సంస్థలు తమ పుస్తకాలను కొంతవరకు మంటల్లోంచి బయటికి లాగగలిగాయి. తర్వాతి ఏడాది చట్టం చేసి మరీ ఆ ప్రైవేటు ప్రతులను సాక్ష్యంగా ఒప్పుకోవాల్సి వచ్చింది. ప్రభుత్వ రికార్డుకి నకలు రాసుకున్నవాడి దగ్గర ఎంత బలం ఉంటుందో అప్పుడే తెలిసింది. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపం, దాని వెంట మంటలు జనన రికార్డులను మింగేశాయి. తాము అక్కడే పుట్టామని, కాబట్టి పౌరులమేనని చెప్పుకునే అవకాశం చాలామంది చైనీయులకు దక్కింది. వాళ్లను కాదనడానికి కాగితం లేదు.

నకళ్లు రాసుకునే పని ఇరవయ్యో శతాబ్దంలో ఇంకా ఊపందుకుంది. యూటాలోని వంశావళి సంఘం 1938లో మైక్రోఫిల్ము తీయడం మొదలుపెట్టి కౌంటీ తర్వాత కౌంటీ చుట్టేసింది. 1990ల దాకా కూడా ఒక మనిషిని వెతకాలంటే అతను ఏ కౌంటీలో ఉన్నాడో ముందు ఊహించాలి, అక్కడికి వెళ్లాలి, బరువైన పుస్తకాలు దించుకోవాలి, కౌంటరు దగ్గర నిలబడాలి. చట్టం ఇవ్వని రక్షణ ఈ శ్రమ ఇచ్చింది. ఈ మాట నేను కొత్తగా అనేది కాదు. 1989 మార్చిలో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, ఊరూరా కోర్టు ఫైళ్లూ కౌంటీ భాండాగారాలూ ఓపికగా గాలిస్తే దొరికే సమాచారానికీ, అదంతా ఒక్కచోట కంప్యూటరులో పోగేసిన సారాంశానికీ చాలా తేడా ఉందని చెప్పింది. తీర్పు కేంద్ర ప్రభుత్వ ఫైళ్ల గురించి. కౌంటీలు దాన్ని పట్టించుకోవాల్సిన అవసరం లేకపోయింది.

అదే ఏడాది జులైలో లాస్ ఏంజెలెస్‌లో నటి రెబెకా షేఫర్‌ను ఒక ఉన్మాద అభిమాని ఆమె ఇంటి గుమ్మంలోనే కాల్చి చంపాడు. అడ్రసు అతనికి ఒక ప్రైవేటు డిటెక్టివు ద్వారా రాష్ట్ర వాహన శాఖ రికార్డుల నుంచి అందింది. దేశం ఉలిక్కిపడి 1994లో డ్రైవర్ల వివరాల గోప్యత చట్టం తెచ్చుకుంది. ఆ చట్టం లైసెన్సు రికార్డుల తలుపు మూసింది. అదే అడ్రసు ఉన్న దస్తావేజుల పుస్తకం జోలికి పోలేదు.

ఆ తర్వాత కొద్ది ఏళ్లకే కౌంటీలు పుస్తకాలను స్కాన్ చేసి వెబ్‌సైట్లలో పెట్టడం మొదలెట్టాయి. క్యూలు తగ్గుతాయి, సిబ్బంది తగ్గుతారు, పారదర్శకత అని పేరూ వస్తుంది. పేజీల్లో ఏముందో ఎవరూ పట్టి చూడలేదు. యుద్ధాల నుంచి తిరిగొచ్చిన సైనికులు తమ డిశ్చార్జి పత్రం పోకుండా ఉంటుందని కౌంటీలో నమోదు చేయించుకునేవాళ్లు. చాలా పత్రాల మీద, అక్కడ జీతం, పన్ను, బ్యాంకు లెక్కలకు అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు ఉండేది. భద్రత కోసం దాచుకున్న కాగితమే ఇంటర్నెట్లో పడింది. ఒహాయోలోని హామిల్టన్ కౌంటీ కోర్టు క్లర్కు ట్రాఫిక్ చలాన్లను కూడా సైటులో పెట్టేవాడు. 2003లో చలాను పడ్డ ఒక మహిళ పేరు మీద ఎవరో షాపుల్లో సరుకులు కొనేశారు. ఆమె డ్రైవింగ్ లైసెన్సు నంబరులో ఒక అంకె తప్పుగా వాడారు. చలాను రాసిన పోలీసు కూడా సరిగ్గా అదే అంకె తప్పు రాశాడు. వివరాలు ఎక్కడి నుంచి పోయాయో చెప్పడానికి ఇంతకన్నా ఏం కావాలి? అయినా 2008లో ఫెడరల్ అప్పీలు కోర్టు, రాజ్యాంగం ఇచ్చిన గోప్యత హక్కు ఈ నష్టానికి వర్తించదని ఆమె కేసు కొట్టేసింది. వర్జీనియాలో ఇంకో మహిళ ఎదురు దారి పట్టింది. కౌంటీ సైట్లలో దొరికిన శాసనసభ్యుల, అధికారుల సోషల్ సెక్యూరిటీ నంబర్లున్న కాగితాలనే తన సైటులో పెట్టింది. ఆమెను ఆపడానికి రాష్ట్రం చట్టం చేసింది. మీరు బహిరంగంగా ఉంచినదాన్ని ఆమె చూపిస్తే శిక్షించడం కుదరదని 2010లో అప్పీలు కోర్టు ఆమె వైపు నిలిచింది.

ఇప్పుడు పేరు కొడితే వయసు, పాత అడ్రసులు, బంధువులు వరసగా చూపించే వ్యాపార సైట్ల ముడిసరుకులో పెద్ద భాగం ఇక్కడిదే. వాటిలో తెలుగువాళ్ల పేర్ల పక్కన రూమ్మేట్లు బంధువులుగా కనిపించడం మామూలే. ఉద్యోగానికో అద్దె ఇంటికో మనిషిని వడపోయడానికి ఇలాంటి సమాచారం అమ్మాలంటే 1970 నాటి క్రెడిట్ రిపోర్టుల చట్టం పాటించాలి. ఆ విషయంలోనే 2012లో స్పోకియో అనే కంపెనీ ఎనిమిది లక్షల డాలర్లు కట్టి కేసు ముగించుకుంది. ఊరికే కుతూహలంతో చూసేవాళ్లకు అడ్డేమీ లేదు. అమెరికా సంబంధం చూసేటప్పుడు అబ్బాయి ఇల్లు నిజంగా అతనిదేనా అని కౌంటీ సైటులో చూసుకునే మామగార్లూ ఉన్నారు. టెక్సాస్‌లో అయితే ఎంతకు కొన్నాడో దొరకదు, అమ్మకం ధర వెల్లడించాలన్న నియమం అక్కడ లేదు.

2020 జులైలో న్యూజెర్సీలో ఫెడరల్ జడ్జి ఎస్తర్ సలాస్ ఇంటికి ఒక లాయరు డెలివరీ మనిషి వేషంలో వచ్చి కాల్పులు జరిపాడు. ఆమె కొడుకు డేనియల్ చనిపోయాడు. ఆ ఏడాదే రాష్ట్రంలో, 2022లో దేశమంతటికీ ఆ అబ్బాయి పేరుతో చట్టాలొచ్చాయి. రాష్ట్ర చట్టం జడ్జీలకు, ప్రాసిక్యూటర్లకు, పోలీసులకు, ఫెడరల్ చట్టం ఫెడరల్ జడ్జీలకు అడ్రసు తీయించుకునే హక్కు ఇచ్చింది. కొట్టే మొగుడి నుంచి పారిపోయిన స్త్రీలకు వేరే అడ్రసు ఇచ్చే పథకాన్ని వాషింగ్టన్ రాష్ట్రం 1991లోనే మొదలుపెట్టింది. చాలా రాష్ట్రాలు దాన్ని అనుసరించాయి. కానీ తీరా ఆమె సొంత పేరుతో ఇల్లు కొంటే మళ్లీ మొదటికొస్తుంది, ముందే జాగ్రత్తపడాలి. డబ్బున్నవాళ్లకు ఈ తిప్పలు తక్కువ. ట్రస్టు పేరునో కంపెనీ పేరునో ఇల్లు కొంటారు, సూచికలో వాళ్ల పేరే ఉండదు. మిగిలినవాళ్లు ఒక్కో సైటుకూ వెళ్లి నా వివరాలు తీసేయండని ఫారాలు నింపుకోవాలి, కొన్నాళ్లకు అవి మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

కాలిఫోర్నియా 2023లో చేసిన చట్టం ఈ తిరుగుడు తప్పించడానికే. ఒక్క అర్జీ పెడితే రాష్ట్రంలో నమోదైన డేటా వ్యాపారులంతా ఆ మనిషి వివరాలు తుడిచేయాలి. అందులో ఒక మినహాయింపు ఉంది. ప్రభుత్వ రికార్డుల్లో చట్టబద్ధంగా అందరికీ అందుబాటులో ఉన్న సమాచారం దాని కిందికి రాదు. కౌంటీ దస్తావేజు సరిగ్గా ఆ కోవలోదే. ఈలోగా చాలా కౌంటీలు ఉచితంగా ఒక సదుపాయం ఇస్తున్నాయి. మీ పేరుతో కొత్త దస్తావేజు ఏదైనా నమోదైతే ఈమెయిలు పంపుతాయి. చేరేటప్పుడు పేరు ఎన్ని రకాలుగా రాస్తారో అన్ని రకాలుగానూ ఇచ్చుకోవాలి, ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి.