పోవుడా, ఉండుడా: గల్ఫ్ ప్రయాణం వెనకున్న అప్పు చరిత్ర

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్లో కొడుకు గల్ఫ్‌కు పోవాలా, ఊళ్లోనే ఉండాలా అన్న మాట వచ్చినప్పుడు ఇంట్లో ముందుగా లెక్కకొచ్చేది జీతం కాదు, వీసా ఖర్చు. లక్ష రూపాయలు ఎవరిస్తారు, నూటికి రెండు రూపాయల మిత్తికా మూడు రూపాయలకా, భూమి కాగితం పెట్టాలా బంగారం పెట్టాలా అన్నది తేలాకే మిగతా మాటలు. పోవాలన్న నిర్ణయం అలా అప్పుతో మొదలవుతుంది. పని బాగాలేక తిరిగొద్దామన్నా ఆ అప్పే అడ్డు నిలబడుతుంది. తెలుగు కూలీల వలసలో ఈ ముడి పాతదే. మారింది ఒక్కటే, దారిఖర్చు ఎవరి నెత్తిన పడుతున్నదన్నది.

1834 నుంచి మారిషస్ చెరకు తోటలకు ఒప్పంద కూలీలను తీసుకుపోయినప్పుడు ఓడ ఖర్చు తోట యజమాని పెట్టుకునేవాడు. దానికి బదులు కూలీ ఐదేళ్లు కట్టుబడి ఉండాలి. నెలకు 5 రూపాయల జీతం, కొంత తిండి సరుకు. గోదావరి పాయ ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరుమీదే మారిషస్‌లోనూ బర్మాలోనూ తెలుగువాళ్లను ‘కోరంగీలు’ అన్నారు. బర్మాకు ఒప్పంద కూలీ పద్ధతి కంటే మేస్త్రీ పద్ధతే ఎక్కువగా నడిచింది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి మనుషులను పోగుచేసే మేస్త్రీ ఓడ చార్జీ కట్టి, ఇంటికి కొంత బయానా ఇచ్చి, రంగూన్ రేవులోనో బియ్యం మిల్లులోనో పనికి పెట్టేవాడు. ఆ డబ్బును కూలిలో కోసుకునేవాడు. లెక్క రాసేది ఆయనే, అప్పు తీరిందని చెప్పాల్సిందీ ఆయనే. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం పెంచమని సమ్మె చేశారు. వారి చోట బర్మా కూలీలను పెట్టి, సమ్మె ముగిశాక ఆ బర్మా కూలీలను తీసేయడంతో చెలరేగిన అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షల మంది అస్సాం, మణిపూర్ కొండదారుల్లో నడిచి వచ్చారు. 1962 సైనిక ప్రభుత్వం తర్వాత మరో విడత వచ్చింది. విశాఖలోని బర్మా క్యాంపు ఆ రాకలకు గుర్తు.

తెలంగాణ అప్పట్లో నిజాం రాజ్యం కాబట్టి ఇక్కడి దారి సముద్రం మీదుగా కాక బొంబాయి మీదుగా పడింది. కామాఠీపురా పేరే ఇక్కడి నుంచి వెళ్లిన కట్టడపు కూలీలది. భివండి మరమగ్గాల మీద పద్మశాలీలు బతికారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్‌లో రోడ్లు, రేవులు, భవనాలు మొదలైనప్పుడు మనుషులను తీసుకునే ఏజెంట్ల ఆఫీసులు ఎక్కువగా బొంబాయిలోనే ఉండేవి. అప్పటికే అక్కడున్న కరీంనగర్, నిజామాబాద్ మనుషులకు ఆ తలుపు దగ్గరైంది. వానమీద ఆధారపడిన చెలకలు, ఎండిన బావులు, బీడీల మీద నడిచే ఇల్లు, పైన 1980ల నుంచి నక్సలైట్ల, పోలీసుల నడుమ నలిగిన ఊళ్లు. పిల్లవాడు దూరంగా ఉంటే చాలు, బతికుంటాడనుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు. ‘బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి’ అన్న మాట అలా పుట్టింది. కడప జిల్లా నుంచి, కోనసీమ నుంచి మహిళలు కువైట్ ఇళ్లల్లో పనికి పోవడం ఇదే కాలపు మరో పాయ.

ఇక్కడే లెక్క తిరగబడింది. తోట యజమాని, మేస్త్రీ ముందు డబ్బు పెట్టేవారు. గల్ఫ్ వీసా మాత్రం సరుకైపోయింది. కఫీల్ (వీసా ఇచ్చే గల్ఫ్ యజమాని) దగ్గర పుట్టిన వీసా రెండు మూడు చేతులు మారి, ఊళ్లోని సబ్ ఏజెంట్ దాకా వచ్చేసరికి ధరంతా కూలీయే కట్టాల్సి వస్తున్నది. నియామకపు ఖర్చు యజమానే భరించాలని సౌదీ, యూఏఈ కార్మిక చట్టాలు చెబుతున్నా వసూలు జరిగేది ఈ గట్టునే.

మన చట్టం 1922 నాటి వలస చట్టం స్థానంలో 1983లో వచ్చింది. లైసెన్సు ఉన్న ఏజెంటే విదేశీ పనికి మనుషులను తీసుకోవాలి. పదో తరగతి పాసుకాని వారి పాస్‌పోర్టు మామూలుగా ఈసీఆర్ (వలసకు అనుమతి తప్పనిసరి) కింద ఉంటుంది. వారు గల్ఫ్‌తో కలిపి 18 దేశాలకు పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ (వలసపోయేవారి రక్షణ చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి కావాలి. ఆ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది, పని ఈ-మైగ్రేట్ వెబ్‌సైటు ద్వారా జరుగుతుంది. ఏజెంటు కూలీ నుంచి తీసుకోదగ్గది గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్‌టీ, అంటే 35,400. ఈసీఆర్ మహిళలకు 30 ఏళ్లు నిండాలి. ఇంటిపని వీసా అయితే ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి.

ఆ 35,400కూ బయట అడిగే లక్షకూ ఉన్న తేడా కాగితం మీద పెడితే తెలుస్తుంది. 1,000 దిర్హాంల జీతం, రూముంది, తిండి మనదే అనుకుందాం. తిండికి 300, ఫోను, చిల్లర ఖర్చులకు 100 పోతే 600 మిగులుతాయి. దిర్హాం 23 రూపాయల లెక్కన 13,800. ఇంట్లో తిండికి, పిల్లల చదువుకు 6,000 పంపితే అప్పుకు 7,800 ఉంటాయి. నెలకు నూటికి రెండు రూపాయల మిత్తిమీద లక్ష తీరడానికి దాదాపు 15 నెలలు పడుతుంది. చట్టం చెప్పిన 35,400 అయితే 5 నెలలు. రెండేళ్ల ఒప్పందంలో ఒకరికి 9 నెలల సంపాదన మిగిలితే, ఇంకొకరికి 19 నెలలది మిగులుతుంది. ఓవర్‌టైం వస్తుందని ఏజెంటు చెప్పే మాటను ఈ లెక్కలో కలపకూడదు, అది కాగితం మీద ఉండదు. మొదటి రెండు నెలల జీతం ఆపిపెట్టుకునే కంపెనీలూ ఉన్నాయి కాబట్టి అంత మేరకు మిత్తి పెరుగుతుందని కూడా వేసుకోవాలి. అదే వయసులో అదే మనిషి ఇక్కడ తాపీపనో, డ్రైవింగో చేస్తే ఏడాదిలో ఎన్ని రోజులు పని దొరుకుతుందో రాసి పక్కన పెట్టాలి. నాట్లకు బిహార్, బెంగాల్ కూలీలు వస్తున్న ఈ రోజుల్లో, 1980ల నాటి పోలిక పనికిరాదు.

ఎక్కువమంది చిక్కుకునేది విజిట్ వీసా దగ్గర. ‘ముందు పోయి చేరు, అక్కడ మారుస్తాం’ అంటారు. విజిట్ వీసాకు ప్రొటెక్టర్ అనుమతి ఉండదు, దాంతో బీమా ఉండదు, ఒప్పందం ఎక్కడా నమోదు కాదు. గడువు దాటితే రోజువారీ జరిమానా పడుతుంది. ఆజాద్ వీసా ఇంకో ఉచ్చు. కఫీల్ ఒకరు, పని ఇంకొకరి దగ్గర. ఆ కఫీల్ ఏటా డబ్బు అడుగుతాడు, ఇవ్వకపోతే కూలీ పారిపోయాడని ఫిర్యాదు చేస్తాడు. సౌదీలో దాన్ని హురూబ్ అంటారు. ఆ ముద్ర పడితే అకామా (అక్కడ ఉండేందుకిచ్చే గుర్తింపు కార్డు) చెల్లదు. చెల్లే కాగితాలు లేకుండా మిగిలిపోవడాన్నే మనవాళ్లు ‘ఖల్లివల్లి’ అంటారు. యూఏఈ 2007లో, 2018లో, 2024లో ప్రకటించిన ఆమ్నెస్టీల్లో (క్షమాభిక్షల్లో) ఇంటికొచ్చినవారిలో ఇలాంటి వారు ఎందరో. ఖతర్ 2020లో యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే వీలిచ్చి, 2021 మార్చి నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం పెట్టింది. ఉద్యోగం మారే వీలిచ్చిన సౌదీ 2021 సంస్కరణ ఇంటి పనివారిని, ఇంటి డ్రైవర్లను పక్కన పెట్టింది. మన ఊళ్ల నుంచి పోయేవారిలో ఆ పనివారే తక్కువేం కాదు.

మన ప్రభుత్వం కూడా ఎప్పుడూ కూలీ పక్షానే నిలవలేదు. 2020 సెప్టెంబరులో గల్ఫ్‌కు పోయేవారి కనీస వేతన ప్రమాణాలను 30 నుంచి 50 శాతం దాకా తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో వ్యాజ్యాలు పడ్డాక 2021 జులైలో వెనక్కి తీసుకుంది. 1983 చట్టాన్ని మార్చేందుకు ముసాయిదాలు వచ్చినా, ఏజెంటు కింద పనిచేసే సబ్ ఏజెంటును గట్టిగా పట్టుకునే ఏర్పాటు కోసం ఊళ్లు ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాయి.

ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275, మూడేళ్లకు 375 రూపాయల ప్రీమియంతో 10 లక్షల బీమా ఉంటుంది. ఈసీఆర్ వారికి అనుమతితోపాటు తప్పనిసరి. కానీ అది ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికే. నిద్రలో గుండె ఆగి పోయినవారి కుటుంబానికి అందులో ఆ సొమ్ము రాదు. ఎండలో పన్నెండు గంటలు పనిచేసినవాడి గుండెపోటు సహజ మరణమెలా అవుతుందన్న ప్రశ్న ఈ జిల్లాల ఇళ్లలో ఎప్పటి నుంచో ఉంది, దానికి జవాబు రావాల్సిందే. తెలంగాణ ప్రభుత్వం 2023 డిసెంబరు 7 తర్వాత గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. పది పాసై ఈసీఆర్ లేనివారికి అనుమతి అక్కర్లేదు కాబట్టి ఈ బీమా కూడా చాలామంది తీసుకోరు. వారు ఈ-మైగ్రేట్‌లో తమంతట తామే నమోదు చేసుకోవచ్చు.

వెళ్లాలనే తేలితే, డబ్బు ఇచ్చేముందే ఏజెంటు లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్‌లో చూడాలి, గడువుందో లేదో కూడా. డబ్బు బ్యాంకు ద్వారానే ఇచ్చి రసీదు తీసుకోవాలి. ఒప్పందంలో పని పేరు, జీతం, తిండి, టికెట్ ఎవరిదో చదివించుకోవాలి. వీసాలో ఉన్న పని పేరు అదే ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం, బీమా కాగితం, రసీదు, కంపెనీ చిరునామా, క్యాంపు చిరునామా ఇంటి దగ్గర ఒక నకలు ఉంచాలి. అకామా చేతికందాక దాని ఫొటో పంపాలి. మనిషి జైల్లో ఉన్నా, ఆసుపత్రిలో ఉన్నా, మృతదేహం రావాల్సి వచ్చినా రాయబార కార్యాలయం ముందు అడిగేది పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు. ఆ రెండూ లేక వారాల తరబడి కదలని ఫైళ్లు ఉన్నాయి.