జరగని పోటీకి అంకెలు: అమెరికాలో ‘ఎవరిని దించితే గెలుస్తాం’ సర్వేల పూర్వాపరాలు

2024 జూన్ 27న అట్లాంటాలో జో బైడెన్, డొనాల్డ్ ట్రంప్‌ల టీవీ చర్చ ముగిసిన కొద్ది రోజులకే రాయిటర్స్, ఇప్సోస్ సంస్థలు ఒక సర్వే జరిపాయి. అందులో బైడెన్‌కు 40 శాతం, ట్రంప్‌కు 40 శాతం మద్దతు వచ్చింది. బైడెన్ స్థానంలో కమలా హారిస్ పేరు పెట్టి అడిగితే ఆమెకు 42, ట్రంప్‌కు 43 వచ్చాయి. కాలిఫోర్నియా గవర్నర్ గావిన్ న్యూసమ్, మిషిగన్ గవర్నర్ గ్రెచెన్ విట్మర్ ఇంకొంచెం వెనకబడ్డారు. ట్రంప్‌పై స్పష్టమైన ఆధిక్యం కనబడింది ఒక్క మిషెల్ ఒబామాకే: 50కి 39. పోటీ చేసే ఉద్దేశం తనకు లేదని ఆమె అప్పటికే పలుమార్లు చెప్పి ఉన్నారు. అయినా ఆ వారంలో డెమోక్రటిక్ పార్టీ లోపల సాగిన వాదోపవాదాల్లో ఈ అంకెలన్నీ సాక్ష్యాలుగా చేతులు మారాయి.

ఖరారు కాని ఇద్దరు అభ్యర్థులను ఎదురెదురుగా నిలబెట్టి ‘ఈ రోజే పోలింగ్ అయితే ఎవరికి ఓటేస్తారు’ అని అడిగే ఈ పద్ధతి, శాస్త్రీయ సర్వేలు పుట్టినప్పటి నుంచీ ఉంది. 1936లో లిటరరీ డైజెస్ట్ పత్రిక ఇరవై లక్షలకు పైగా జవాబులు సేకరించి కూడా రూజ్‌వెల్ట్ ఓడిపోతారని చెప్పి అభాసుపాలైంది. అంతకంటే ఎంతో చిన్న నమూనాతో జార్జ్ గ్యాలప్ విజేతను సరిగ్గా చెప్పడంతో సర్వేలకు ప్రతిష్ఠ వచ్చింది. 1948లో ట్రూమన్ గెలుపును పసిగట్టలేక అదే గ్యాలప్ సంస్థ తలదించుకోవలసి వచ్చింది. ఈ రెండు ఉదంతాలూ సర్వేలు ఎంత కచ్చితమన్న చర్చలో తరచూ వినబడేవే. మన విషయానికి 1948లోని మరో ముచ్చట ఎక్కువ దగ్గర. ట్రూమన్ ఓటమి ఖాయమనుకున్న డెమోక్రాట్లు కొందరు, ఏ పార్టీవాడో కూడా బయటపెట్టని జనరల్ ఐసెన్‌హోవర్‌ను బరిలోకి దించాలని ఆ వేసవి దాకా ప్రయత్నించారు. ఆయన ఒప్పుకోలేదు. ఉన్న అభ్యర్థి మీద నమ్మకం తగ్గిన ప్రతిసారీ, బరిలో లేని మనిషి ఆకారం పెరుగుతూ రావడం అమెరికా రాజకీయాల్లో అక్కడి నుంచి ఒక అలవాటైంది.

ఆ అలవాటు పూర్తిస్థాయి వ్యూహంగా మారింది 1968లో. న్యూయార్క్ రిపబ్లికన్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ మార్చిలో పోటీ చేయనని ప్రకటించి, ఏప్రిల్ 30న మనసు మార్చుకున్నారు. అప్పటికి ప్రైమరీల (పార్టీ అభ్యర్థిని ఎంచుకునేందుకు రాష్ట్రాల్లో జరిగే ఎన్నికల) దారి దాదాపు మూసుకుపోయింది. అయితే ఆ రోజుల్లో నామినేషన్‌ను తేల్చేది ప్రైమరీలు కావు. రాష్ట్రాల పార్టీ పెద్దలు చెప్పుచేతల్లో పెట్టుకుని మహాసభకు తీసుకొచ్చే ప్రతినిధులు. కాబట్టి రాక్‌ఫెల్లర్ నేరుగా వారినే ఉద్దేశించి, లక్షల డాలర్లు ప్రకటనలకు పోసి, పార్టీలో తన ప్రత్యర్థి రిచర్డ్ నిక్సన్ మీద ఒకే వాదన వినిపించారు: నిక్సన్ మీకు ఇష్టుడే కావచ్చు, కానీ గెలవలేడు, గెలవగలిగేది నేనే. ఆ వాదనకు రుజువు సర్వేల నుంచి రావాలి.

రుజువు వచ్చింది కానీ అడ్డం తిరిగింది. ఆగస్టు 5న మయామీ బీచ్‌లో రిపబ్లికన్ మహాసభ మొదలు కావడానికి కొద్ది రోజుల ముందు గ్యాలప్ సర్వే వెలువడింది. డెమోక్రాట్ హ్యూబర్ట్ హంఫ్రీపై నిక్సన్ స్వల్ప ఆధిక్యంలో ఉన్నారనీ, రాక్‌ఫెల్లర్ మాత్రం హంఫ్రీతో సమానంగా నిలిచారనీ అది తేల్చింది. వెనువెంటనే లూయీ హారిస్ సర్వే వచ్చి సరిగ్గా తలకిందులుగా చెప్పింది: రాక్‌ఫెల్లర్ ముందున్నారు, నిక్సన్ వెనకబడ్డారు. రెండు పెద్ద సంస్థలు ఒకే వారంలో పరస్పర విరుద్ధంగా చెప్పడంతో సర్వేల మీదే నమ్మకం పోయే ప్రమాదం ఏర్పడింది. దాంతో రెండు సంస్థలూ కలిసి, తమ ఫలితాలను వరుసక్రమంలో చూస్తే రాక్‌ఫెల్లర్ ముందంజ వేసినట్టే అర్థమని ఉమ్మడి ప్రకటన చేయవలసి వచ్చింది. పోటీ వ్యాపారులు ఒక అభ్యర్థి బలాబలాల మీద సంయుక్త వివరణ ఇచ్చుకోవడం విడ్డూరమే. ప్రతినిధులు దాన్ని పట్టించుకోలేదు. మొదటి రౌండులోనే నిక్సన్‌కు 692 ఓట్లు, రాక్‌ఫెల్లర్‌కు 277 పడ్డాయి. నవంబరులో నిక్సన్ ఒక్క శాతం కూడా లేని తేడాతో గెలిచారు. రాక్‌ఫెల్లర్ అయితే ఇంకా బాగా గెలిచేవారా, అసలు ఓడేవారా అన్నది ఎవరూ తేల్చలేరు. ఇలాంటి సర్వేలకున్న సౌకర్యం కూడా అదే: జరగని పోటీ జరగలేదు కాబట్టి ఆ అంకె తప్పని నిరూపించే అవకాశం ఎన్నటికీ రాదు.

1968లో షికాగోలో డెమోక్రటిక్ మహాసభ రసాభాస అయిన తర్వాత ఆ పార్టీ నిబంధనలు మార్చుకుంది. 1972 నుంచి ప్రైమరీలే నిర్ణాయకమయ్యాయి, రిపబ్లికన్లదీ క్రమంగా అదే దారి అయింది. దాంతో ముఖాముఖి సర్వే ఎవరిని ఒప్పించాలన్నదీ మారింది. మునుపు అది ప్రతినిధుల చెవిన వేసే మాట. ఇప్పుడు విరాళాలిచ్చేవారికీ, పత్రికలకూ, ప్రైమరీ ఓటర్లకూ చూపించే పత్రం. ఆ పత్రం బలంతో మొదట ఎదిగినవారు డెమోక్రటిక్ సెనేటర్ ఎడ్మండ్ మస్కీ. 1971లో నిక్సన్‌ను ఓడించగలవాడిగా సర్వేల్లో కనిపించిన ఆయన, 1972 ఏప్రిల్ నాటికే ప్రచారం ఆపేశారు. నామినేషన్ దక్కిన మెక్‌గవర్న్ 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు.

1979–80 సంవత్సరం ఇంకా విచిత్రం. సిట్టింగ్ అధ్యక్షుడు కార్టర్ కంటే ఎడ్వర్డ్ కెనెడీయే మేలని డెమోక్రాట్లలో అత్యధికులు సర్వేల్లో చెబుతూ వచ్చారు. నవంబరు 4న ప్రసారమైన సీబీఎస్ ఇంటర్వ్యూలో రోజర్ మడ్, మీరు అధ్యక్షుడు కావాలని ఎందుకు కోరుకుంటున్నారని అడిగితే, కెనెడీ తడబడుతూ పొంతన లేని జవాబు చెప్పారు. ఆయన ఇంకా లాంఛనంగా రంగంలోకే దిగలేదు. అదే రోజు టెహ్రాన్‌లో అమెరికా రాయబార కార్యాలయాన్ని ఆక్రమించి సిబ్బందిని బందీలుగా పట్టుకోవడంతో, దేశమంతా కొంతకాలం అధ్యక్షుడి వెనక నిలిచింది. 1980 మొదట్లో కార్టర్ రిపబ్లికన్ రీగన్ కంటే భారీ తేడాతో ముందున్నారు. మాజీ అధ్యక్షుడు ఫోర్డ్ మార్చిలో, అంతటి సంప్రదాయవాది దేశవ్యాప్త ఎన్నికలో నెగ్గలేడని బాహాటంగానే చెప్పి, తాను దిగడమా మానడమా అని రెండు వారాలు తర్జనభర్జన పడి, చివరికి మానుకున్నారు. నవంబరులో రీగన్ 44 రాష్ట్రాలు గెలుచుకున్నారు.

ఈ అంకెలు ఎందుకింత పలచన? రాబర్ట్ ఎరిక్సన్, క్రిస్టఫర్ వ్లేజియన్ అనే రాజనీతి శాస్త్రవేత్తలు 1952 నుంచి 2008 దాకా జరిగిన పదిహేను అధ్యక్ష ఎన్నికల ముఖాముఖి సర్వేలను పరిశీలించారు. పోలింగ్‌కు పది నెలల ముందు వచ్చే అంకెకూ తుది ఫలితానికీ సంబంధం దాదాపు శూన్యమనీ, ప్రైమరీల కాలంలో అది క్రమంగా ఏర్పడుతుందనీ, పార్టీ మహాసభల తర్వాతే గట్టిపడుతుందనీ వారు తేల్చారు. మహాసభల తర్వాత కూడా పూర్తి భరోసా లేదనుకోండి: 1988 జూలైలో తన మహాసభ ముగియగానే డెమోక్రటిక్ అభ్యర్థి డుకాకిస్ గ్యాలప్ సర్వేలో 17 పాయింట్ల ఆధిక్యం చూపి, నవంబరులో 40 రాష్ట్రాలు పోగొట్టుకున్నారు. పైగా బరిలో లేనివారిపై ప్రత్యర్థి ప్రకటనలుండవు, చట్టసభల్లో వారు వేసిన పాత ఓట్ల తవ్వకాలుండవు. 2016 వసంతంలో ట్రంప్‌పై హిల్లరీ క్లింటన్ కంటే, డెమోక్రటిక్ నామినేషన్‌కు ఆమెతో పోటీపడిన బెర్నీ శాండర్స్ ఎక్కువ ఆధిక్యంలో కనిపించడాన్ని ఆయన అభిమానులు నేటికీ గుర్తుచేస్తారు. కానీ రిపబ్లికన్ల దాడి ఆయన మీద ఆనాడు మొదలు కానే లేదు. మరో సంగతి, దేశం మొత్తానికి కలిపి వేసిన ఆ లెక్క, రాష్ట్రాల వారీగా పడి అధ్యక్షుడిని తేల్చే ఎలక్టోరల్ ఓట్ల లెక్క కాదు. 28 లక్షలకు పైగా ఓట్లు అదనంగా తెచ్చుకుని హిల్లరీ ఓడిన ఏడాది కూడా అదే.

ఈ దృష్టితో చూస్తే 2024 నాటి పరిణామం కొత్తదేమీ కాదు, 1968 తిరిగి రావడమే. 2023 నవంబరులో న్యూయార్క్ టైమ్స్, సియెనా కళాశాల ఆరు కీలక రాష్ట్రాల్లో జరిపిన సర్వేలో ట్రంప్ ఐదింట ముందున్నారు. పేరు చెప్పకుండా ‘మరో డెమోక్రాట్’ అని అడిగితే మాత్రం ట్రంప్ వెనకబడ్డారు. ప్రైమరీ ఓటర్లు ఆ సూచనను పక్కనపెట్టి బైడెన్‌కే పట్టం కట్టారు. జూన్ చర్చ తర్వాత ప్రైమరీలు అయిపోయాయి కాబట్టి, అంకెలు మళ్లీ పార్టీ పెద్దల ముందుకే, ప్రతినిధుల ముందుకే వెళ్లాయి. ఈసారి అవి పనిచేశాయి: జూలై 21న బైడెన్ తప్పుకున్నారు, హారిస్ అభ్యర్థి అయ్యారు. నవంబరులో ఏడు కీలక రాష్ట్రాలూ గెలిచి ట్రంప్ 312 ఎలక్టోరల్ ఓట్లు సాధించారు, హారిస్‌కు 226 దక్కాయి. అయితే రాక్‌ఫెల్లర్ విషయంలోలాగే, బైడెన్ ఉండి ఉంటే ఏమయ్యేదన్నది ఎప్పటికీ తేలదు.

2028 ఎన్నికకు ట్రంప్ ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్, న్యూసమ్‌ల మధ్య ఊహాజనిత పోటీ అంకెలు ఇప్పటికే వెలువడుతున్నాయి. వాన్స్ భార్య ఉషా చిలుకూరి కుటుంబ మూలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉండడంతో తెలుగు పత్రికలకూ వాటి మీద ఆసక్తి ఉంది. 2025లో ఒక సర్వే ఏకంగా బరాక్ ఒబామాను, ట్రంప్‌ను ఎదురెదురుగా నిలిపింది. రెండుసార్లు ఎన్నికైనవారు మళ్లీ ఎన్నిక కారాదని 1951 నుంచి అమల్లో ఉన్న ఇరవై రెండో రాజ్యాంగ సవరణ ఆ ఇద్దరికీ వర్తిస్తుంది కాబట్టి, అది అచ్చంగా ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న బాపతు. వాన్స్, న్యూసమ్‌ల అంకెలకు మాత్రం చదివేవారు వేరే ఉన్నారు: ఎవరికి చెక్కు రాయాలో ఇంకా తేల్చుకోని విరాళదాతలు, 2026 నవంబరు కాంగ్రెస్ ఎన్నికలు ముగియగానే ఎవరి పక్కన నిలబడాలో చూసుకునే గవర్నర్లు, సెనేటర్లు.