లద్దె వేడికి పండిన అనాస

చిరంజీవులు పిల్లలకు ఆశీస్సులు.

తోటకు గోడ ఎందుకని అడిగితే మేకలు రాకుండా, దొంగలు పడకుండా అంటాం మనం. ఇంగ్లండులో పాత జమీందారీ బంగళాల పక్కన ఉండే తోటలకూ ఆ బెడద లేకపోలేదు. కానీ అక్కడ రెండు నిలువుల ఎత్తున ఇటుక గోడ లేపింది ముఖ్యంగా చలికి జడిసి. వేసవిలో మన డాబా గోడ రాత్రి తొమ్మిదింటికి కూడా చెయ్యి పెడితే చురుక్కుమంటుంది కదా. మనకు నిద్ర పట్టనివ్వని ఆ వేడే అక్కడ పండ్లను పండిస్తుంది. పగలు కాగిన ఇటుక రాత్రంతా కొంచెం కొంచెంగా వేడి వదులుతుంది, ఈదురుగాలీ తగలదు.

అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఎప్పుడూ దక్షిణం పక్కనే ఉంటాడు. అందుకే దక్షిణం చూసే గోడ పీచ్, ఆప్రికాట్ లాంటి సుకుమారాలకు, ఉత్తరం చూసేది పుల్ల చెర్రీలకు. చెట్టును గుబురుగా పెరగనివ్వరు. కొమ్మలను విసనకర్రలా పరిచి, గుడ్డపేలికలు చుట్టి, మేకులతో గోడకు బిగిస్తారు. పీచ్ మరీ తొందరగా, తేనెటీగలు ఇంకా బయటికి రాని చలిలోనే పూస్తుంది. అప్పుడు తోటమాలే కుందేలు తోకను పుల్లకు కట్టుకుని, పువ్వు పువ్వుకూ పుప్పొడి అద్దుతూ పోవాలి. కొన్నిచోట్ల గోడ లోపలే పొగగొట్టాలు పెట్టి పొయ్యి రాజేసేవాళ్లు కూడా.

ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో మెవగిస్సీ అనే చేపల రేవు దగ్గర ట్రెమేన్ వంశంవారి హెలిగన్ ఎస్టేట్ ఉంది. 1914 ఆగస్టులో, మొదటి ప్రపంచయుద్ధంలోకి బ్రిటన్ దిగిన నెలలో, అక్కడి తోటమాలులు తమ మరుగుదొడ్డి గోడ మీద పెన్సిలుతో పేర్లు రాసుకున్నారు. 'ఇక్కడికి కునుకు తీయడానికి రావద్దు' అన్న అర్థం వచ్చే చమత్కారం కూడా ఉంది. యుద్ధానికి పోయినవాళ్లలో చాలామంది తిరిగి రాలేదు. తోటను ముళ్లపొదలు మింగేశాయి. 1990లో టిమ్ స్మిట్, ట్రెమేన్ వంశీకుడైన జాన్ విల్లిస్ ఆ పొదల్లోకి దూరాకే ఈ పేర్లు మళ్లీ బయటపడ్డాయి. దొరల పటాలు ప్రతి బంగళాలోనూ వేలాడతాయి. పారపట్టినవాళ్ల పేర్లు వాళ్ల చేతిరాతలోనే దొరకడం మాత్రం అరుదు.

అక్కడ మళ్లీ బాగుచేసినవాటిలో నాకు మహా ముచ్చటేసింది అనాస గొయ్యి. నేలలో పక్కపక్కనే మూడు పొడుగాటి గుంటలు. నడిమి దాంట్లో, అద్దాల మూత కింద, అనాస కుండీలు. అటూ ఇటూ గుంటల నిండా పచ్చి గుర్రపు లద్దె. అది మగ్గుతూ వేడెక్కుతుంది. ఆ వేడి మధ్యగోడల్లో వదిలిన కంతల గుండా కుండీలకు చేరుతుంది. లద్దె చల్లారిందా, మళ్లీ కొత్తది మోసుకొచ్చి నింపాల్సిందే. పండు చేతికి రావడానికి ఏళ్లు పడుతుంది. మనం బండి దగ్గర ఉప్పూకారం చల్లించుకుని తినే పండుకు అంత చాకిరీ! కానీ ఆ రోజుల్లో ఇంగ్లండు విందుబల్ల మీద అనాస ఉందంటే అది ఆ ఇంటి దర్జా. తినడం కంటే చూపించుకోవడమే ఎక్కువ.

హెలిగన్‌లో అలా పండిన రెండో పండును 1997లో ఎలిజబెత్ రాణికి పంపించారు. మరి మొదటిదో? లద్దె వాసన కొడుతుందేమోనని తోటవాళ్లే ముందు కోసుకుని తిని చూశారట.

ఇట్లు,
మీ తాతయ్య